అమ్మ ఈ నెల ఎవరి వంతు?

ఫిబ్రవరి వస్తుందంటే మా వైపు కొన్ని ఇళ్ళల్లో ఒక కొడుకు మొహం వెలుగుతుంది, ఇంకో కొడుకు మొహం ముడుచుకుంటుంది. ఎందుకో మీకు తెలియకపోతే మీరు అదృష్టవంతులు. అమ్మను నెలకొకరు చొప్పున వంతులేసుకున్న ఇళ్ళ సంగతి నేను చెప్తున్నది. ఇద్దరే కొడుకులైతే ఒకరికి జనవరి, మార్చి, మే అట్లా పడతాయి, ఇంకొకరికి ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్. కూడి చూడండి. మొదటివాడికి 184 రోజులు, రెండోవాడికి 181. ఈ మూడు రోజుల మీద అన్నదమ్ములు మాటామాటా అనుకున్న ఇల్లు నాకు తెలుసు. అమ్మ అక్కడే నట్టింట్లో కూర్చొని వింటా ఉంది. ఆమెకు చెవుడు లేదు.

వంతు అన్న మాట మాకు కొత్తది కాదు. పెండ్లిమర్రి చుట్టుపక్కల ఊళ్ళల్లో అన్నదమ్ములు విడిపోయినా బోరు ఒకటే ఉంటుంది. ఈ రోజు నీ వంతు, రేపు నా వంతు అని చీనీచెట్లకు నీళ్ళు పెట్టుకుంటారు. కరెంటు పోతే ఆ గంట ఎవరి లెక్కలో పడాలని కొట్లాడుకుంటారు కూడా. నీళ్ళకు పెట్టిన పద్ధతి తెచ్చి తల్లికి పెట్టారు. ఒక్కటే తేడా. నీళ్ళ కోసం నా వంతు నా వంతు అని పోట్లాడతారు, అమ్మ కోసం నీ వంతు నీ వంతు అని పోట్లాడతారు.

రెండు చీరలు, మాత్రల కవరు, దువ్వెన, కళ్ళద్దాల పెట్టె ఒక సంచిలో పెట్టుకొని డెబ్బై ఎనభై ఏళ్ళ మనిషి నెలనెలా ఇల్లు మారుతుంది. ఒకటో తేదీ పింఛను ఇంటికొచ్చి ఇస్తారు, ఇప్పుడు 4000. ఆ డబ్బు ఏ నెల ఎవరి చేతికి పోవాలన్నది ఇంకో లెక్క. కార్తీక సోమవారం పొలతల మల్లికార్జునస్వామి దర్శనానికి పోవాలని ముసలామెకు మనసైతే, ఆ సోమవారం ఎవరి వంతులో పడుతుందో చూసుకొని అడగాలి. ఈ చెరువు నీళ్ళు తాగి ఆ చెరువులో కాళ్ళు కడిగినట్టు ఉంటుందట వంతుల బతుకు. నేను అనలేదు, మా వీధిలో ఒక అవ్వ అనింది.

దీన్ని చూసి లోకం అనే మాట ఏంది? "ఈ కాలం పిల్లలకు పెద్దలంటే గౌరవం లేదు." రచ్చబండ దగ్గర ఇదే మాట, పెళ్ళి భోజనాల దగ్గర ఇదే మాట, ఫోన్లో వచ్చే వీడియోల్లో వెనక వీణ వాయిస్తా ఇదే మాట. పిల్లల వైపు నుంచి ఇంకో మాట వస్తుంది. పెద్దవాళ్ళు ఆస్తి గుప్పిట్లో పెట్టుకొని మమ్మల్ని యాభై ఏళ్ళొచ్చినా చిన్నపిల్లల్ని చేసి ఆడిస్తారని. రెండిట్లోనూ కొంత నిజం ఉంది, కాదనను. కానీ ఈ ఇద్దరూ వాదించుకుంటా ఉన్నంతసేపు లోపల అన్నం మెత్తగా పిసికి పెట్టేది ఎవరు, దుప్పటి ఉతికేది ఎవరు, రాత్రి రెండు గంటలకు బాత్రూముకు చెయ్యి పట్టుకొని నడిపించేది ఎవరు? ఆ మనిషిని ఇద్దరిలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తరాల మధ్య న్యాయం అని మాట్లాడేవాళ్ళు ముందు ఆ మనిషి దగ్గర నుంచి మొదలుపెట్టాలని నా వాదన. మగవాళ్ళకు నాయన దగ్గర నుంచి పొలం వస్తుంది. మనకు అత్త దగ్గర నుంచి చాకిరీ వస్తుంది. అది కూడా వారసత్వమే, దానికి రిజిస్ట్రేషను ఖర్చు కూడా లేదు.

మా అత్తవారింటి సంగతి చెప్తాను, ఎందుకంటే ఇందులో ఉన్న తిరకాసు అంతా మా ఇంట్లోనే ఉంది. మా మామకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుర్లు. పెద్ద వదిన పెళ్ళి 1984లో అయింది. చిన్న వదిన పెళ్ళి 1990లో. 2003లో మా బావ, మా ఆయన పారికత్తు రాసుకున్నారు. పొలం రెండు ముక్కలైంది. మామ తనకని ఏమీ ఉంచుకోలేదు. "ఇంగ నాకెందుకు, పిల్లోళ్ళే కదా" అన్నాడు. మా అత్తకు భాగం లేదు. పుట్టింటివాళ్ళు ఆమెకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరా మాత్రం ఒకప్పుడు ఉండేది. దాన్ని బోరు వెయ్యడానికి అమ్మేశారు. రెండు బోర్లు ఎండిపోయి మూడోదాంట్లో నీళ్ళు పడినాయి. ఆ నీళ్ళతో పెరిగిన చీనీతోటనే కొడుకులు పంచుకున్నారు. ఆ ఎకరా సంగతి పారికత్తులో ఒక్క అక్షరం లేదు.

ఆ రోజు చిన్న వదినను సంతకానికి పిలిచారు. చీర పెట్టారు, చికెన్ వండినాము, సంతకం పెట్టి పోయింది. పెద్ద వదినను పిలవనే లేదు. దస్తావేజు రాసేఆయన "ఆయమ్మ సంతకం అక్కర్లేదు" అన్నాడట. చెల్లెలిది కావాల, అక్కది అక్కర్లేదా, ఇద్దరూ ఒక కడుపునే కదా పుట్టింది అని నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను అడిగినా చెప్పేవాళ్ళు లేరు. తర్వాత తెలుసుకుంటే దాని వెనక ఒక తేదీ ఉంది.

ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రంలో సవరణ తెచ్చారు. పుట్టుకతోనే కొడుకుకు ఉన్నట్టు కూతురికి కూడా ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చిన చట్టం అది, 1986 నాటిది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు లెక్క. దేశంలో చాలా రాష్ట్రాలు ఆ మాట ఎత్తకముందే మన దగ్గర వచ్చింది, దానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళైపోయిన ఆడపిల్లలకు అది వర్తించదని అందులోనే రాశారు. మా పెద్ద వదిన ఒక్క ఏడాది ముందు పెళ్ళి చేసుకుంది. కాదు, చేశారు. పద్దెనిమిదేళ్ళ పిల్లను ముహూర్తం ఎప్పుడు కావాలని ఎవరు అడిగారు? ఆ ఒక్క ఏడాది తేడాతో ఆమె సంతకం కాగితానికి కూడా అక్కర్లేనిదైంది.

తర్వాత 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్రం దేశమంతటికీ సవరణ తెచ్చింది. పెళ్ళి తేదీతో పని లేదు, కూతురు కూతురే అనింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాల జోలికి పోమని చెప్పింది. మాది 2003. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు హక్కేనని చెప్పింది. అదీ ముందే పంచేసుకున్న ఇళ్ళకు పనికిరాదు. చూశారా, ప్రతిసారీ ఒక తేదీ. ప్రతి తేదీకీ అవతల ఒక తరం ఆడవాళ్ళు మిగిలిపోయారు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. మంచి చట్టమే. పెద్దవాళ్ళు ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, వకీలు అక్కర్లేదు, నెలకు 10,000 వరకు పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. ఎవరు ఇవ్వాల? కొడుకు, కూతురు, వయసొచ్చిన మనవడు, మనవరాలు. కూతురు పెళ్ళి 1984లో అయిందా 1990లో అయిందా అని ఆ చట్టం అడగదు. భాగం ఇచ్చేటప్పుడు పెళ్ళి పత్రిక తెమ్మన్న లోకం, భారం వేసేటప్పుడు తేదీ అడగలేదు. రేపు మా అత్త అర్జీ పెడితే, సెంటు భూమి రాని పెద్ద వదిన కూడా జవాబు చెప్పాలి. కూతుర్లు తల్లిని చూడకూడదని నేను అనడం లేదు. చూడాలి. భారం సమానమని చట్టం చెప్పినప్పుడు భాగం దగ్గర ఎందుకు వెనక్కి తగ్గాలని అడుగుతున్నాను.

ఆ చట్టంలో కోడలి పేరు లేదు. కోడల్ని, అల్లుణ్ణి చేర్చాలని 2019లో పార్లమెంటులో బిల్లు పెట్టారు, అది గట్టెక్కలేదు. పేరు లేకపోవడం మంచిదే అనుకుంటున్నారా? చట్టంలో పేరు లేని మనిషే ఇంట్లో పని మొత్తం చేస్తా ఉంది. మామగారి ఆస్తిలో మొగుడు బతికున్న కోడలికి హక్కు లేదు. చెయ్యాల్సిన పనికి పేరు లేదు, చేసినదానికి జీతం లేదు, చెయ్యకపోతే మాత్రం ఊరంతా ఆమె పేరే.

రామారావు గారి పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1972లో ఆయనే బడిపంతులు సినిమాలో నటించారు. వయసైపోయిన తండ్రిని ఒక కొడుకు, తల్లిని ఇంకో కొడుకు పంచుకుంటారు. మా అమ్మ ఆ సినిమా తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటుంది. నాకూ ఏడుపొచ్చింది. అయితే అప్పటి నుంచి ఇప్పటి దాకా ఇలాంటి కథ ఏది తీసినా విలన్ ఎవరు? కోడలు. మూతి తిప్పేది కోడలు, కాఫీ గ్లాసు టక్కున పెట్టేది కోడలు, మొగుడికి చెవిలో చెప్పేది కోడలు. కొడుకు పాపం అమాయకుడు, మధ్యలో నలిగిపోతాడు. కన్నది ఎవరిని, భాగం ముట్టింది ఎవరికి, మంచి మనసు ఉండాల్సింది ఎవరికి అని ఏ సినిమా అడగలేదు. ఇప్పుడొస్తున్న సీరియళ్ళ గురించి నేను మాట్లాడను, నా బీపీకి మంచిది కాదు.

ఈ పనికి వెల లేదా? ఉంది. మన ప్రాంతం నుంచే, రాయచోటి, రాజంపేట, బద్వేలు వైపు నుంచి ఎంతమంది ఆడవాళ్ళు కువైట్ పోయారో లెక్కలేదు. అక్కడ చేసే పని ఏంది? వంట, ఇల్లు తుడవడం, పిల్లల్ని ఎత్తుకోవడం, మంచాన పడిన వాళ్ళింటి ముసలామెకు స్నానం చేయించి బట్టలు మార్చడం. ఆ పనికి నెలనెలా దినార్లు వస్తాయి. ఆ దినార్లతో ఇక్కడ మిద్దెలు లేచినాయి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు అయినాయి. అదే మనిషి ఇంటికి తిరిగొచ్చి తన అత్తకు అదే స్నానం చేయిస్తే అది ధర్మం అయిపోతుంది. కువైట్‌లో ఉద్యోగం, కడపలో ధర్మం. మధ్యలో మారింది ఒక్క విమానం టికెట్టే.

2019లో కేంద్ర ప్రభుత్వం మనుషులు రోజంతా సమయం ఎట్లా గడుపుతారో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని మీద ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారట. మా ఆయనకు చదివి వినిపిస్తే "97 చేస్తున్నారా, యాడ?" అన్నాడు. నిజాయితీగానే అడిగాడు పాపం. ఇంకో సంగతి. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలు ఇద్దరూ చనిపోతే వాళ్ళ పిల్లలకు ఎంత పరిహారం ఇవ్వాలన్న కేసు. మన తెలుగు న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు అందులో విడిగా తన అభిప్రాయం రాస్తూ, గృహిణి పనికి విలువ కట్టి తీరాలని, ఆమె ఏమీ సంపాదించదనే ఆలోచనే తప్పని చెప్పారు. చదివి సంతోషపడ్డాను. తర్వాత ఆలోచిస్తే దిగులేసింది. మన చాకిరీకి ఎవరైనా కూర్చొని లెక్క కట్టాలంటే ముందు మనం లారీ కింద పడాలన్నమాట.

"మేము చెయ్యలేదా అమ్మీ?" అని మా అత్త నన్ను ఎన్నోసార్లు అడిగింది. చేసింది. వాళ్ళ అత్త ఆరు నెలలు మంచాన ఉంటే, పొద్దున కలుపుకు పోయి మధ్యాహ్నం వచ్చి సంగటి కెలికి తినిపించి, దుప్పట్లు ఉతికి మళ్ళీ పొలానికి పోయింది. ఆ కాలంలో ఇంట్లో నీళ్ళ కొళాయి కూడా లేదు. ఆమె చేసిందాంట్లో సగం కూడా నేను చెయ్యలేదేమో. కానీ ఆమె చేసినదానికి ఆమెకు ఏం దక్కింది? తన ఎకరా బోరులో పోయింది, మొగుడి పొలంలో భాగం రాలేదు, ఎనభై దగ్గరికొచ్చే వేళకు సంచి పట్టుకొని ప్రొద్దుటూరికీ ఇక్కడికీ తిరుగుతా ఉంది. ఆమె పడిందని నేను పడాలి, నేను పడ్డానని నా కోడలు పడాలి అంటే, ఆమెకు జరిగిన అన్యాయాన్ని మనం సంప్రదాయం పేరుతో దాచి పెడుతున్నట్టు. ఆమె నాకు చెప్పాల్సిన మాట "నేను చేశాను, నువ్వూ చెయ్యి" అని కాదు. తన కొడుకులకు చెప్పాల్సిన మాట ఉంది, "నా ఎకరా ఏదిరా?" అని. ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే అన్నం ఎవరు పెడతారని భయం. నలభై ఏళ్ళు ఆ ఇంటికి పని చేసిన మనిషికి ఆ భయం ఉండడమే పెద్ద అన్యాయం. ఆ భయం పోగొట్టేది గౌరవం మీద ఉపన్యాసాలు కాదు, ఆమె పేరు మీద ఉండే కాగితం.

ఇక మనలో మాట. మనమందరం ఒక ఇంట్లో కోడళ్ళం, ఇంకో ఇంట్లో ఆడబిడ్డలం. కోడలిగా వచ్చిన కష్టం బాగా తెలుసు. ఆడబిడ్డగా పండక్కి పుట్టింటికి పోయి, "అమ్మ చిక్కిపోయిందేంది వదినా, పాలు పోస్తున్నావా లేదా?" అని అడగడం కూడా బాగా తెలుసు. నాలుగు రోజులుండి, ఊరిమిండి డబ్బాలో పెట్టించుకొని బస్సెక్కుతాం. వారానికొకసారి ఫోన్ చేసి అమ్మతో గంట మాట్లాడి, అన్న పెళ్ళాం మీద రెండు చాడీలు విని నిట్టూరుస్తాం. అన్నదమ్ముల చెయ్యి చెడగొట్టుకోకూడదని భాగం అడగం, భాగం అడగలేదు కాబట్టి భారం మాది కాదంటాం. ఇది ధర్మంగా కనిపిస్తుంది, కానీ దీని ఖర్చు మొత్తం ఇంకో ఆడదాని నడుము మీద పడుతుంది. భాగం వదులుకోవడం త్యాగం అని మనల్ని పొగిడినవాళ్ళు ఆ పొలం దున్నుకుంటున్నారు. పుట్టింట్లో భాగం అడగండి. తీసుకోండి. అమ్మను కూడా తీసుకెళ్ళండి, అల్లుడింట్లో అత్త ఉండడం నామోషీ అనే మాట ఎవరు పుట్టించారో గానీ, దానివల్ల ఎంతమంది తల్లులు కూతురి చేతి అన్నానికి మొహం వాచి పోయారో.

పెద్దవాళ్ళకూ చెప్పాల్సింది ఉంది. పాసుపుస్తకం తలగడ కింద పెట్టుకొని, యాభై ఐదేళ్ళ కొడుకు ఎరువు మూటకు డబ్బులడిగితే చెయ్యి చాపించే నాయనలు ఉన్నారు. మనవరాలి ఫీజు కట్టాలంటే తాత మూడ్ చూసుకోవాలి. కొడుకు జుట్టు నెరిసిపోయినా ఏ పంట వెయ్యాలో తేల్చుకునే స్వాతంత్ర్యం ఉండదు. ఇది పిల్లలకు జరిగే అన్యాయమే, నేను ఒప్పుకుంటాను. దీనికి మందు అన్నీ రాసిచ్చి చేతులు దులుపుకోవడం కాదు. సేద్యం ఇవ్వండి, పంట డబ్బు ఇవ్వండి, నిర్ణయాలు ఇవ్వండి. భూమి మాత్రం ఇద్దరూ పోయేదాకా మీ ఇద్దరి పేరున ఉంచుకోండి. ఇద్దరి పేరున అని ఎందుకంటున్నానంటే, మొగుడి పేరున మాత్రమే ఉంటే ఆయన పోయిన పదకొండో రోజే ఆమెను వేలిముద్ర అడుగుతారు. తర్వాత ఎవరికి ఎంతో వీలునామా రాయండి, దాంట్లో కూతుర్ని మర్చిపోకండి, నడుములు విరగ్గొట్టుకొని చేసిన కోడలికి ఆమె పేరు మీదే రాయండి. కొడుకు పేరు మీద రాస్తే కోడలికి రాసినట్టే కదా అంటారు. అట్లయితే కోడలి పేరు మీద రాస్తే కొడుక్కి రాసినట్టే కదా, రాయండి మరి.

బతికుండగానే రాసివ్వాలని ఉంటే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. 2007 చట్టంలో 23వ సెక్షను అని ఒకటుంది. పెద్దవాళ్ళను చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తి, తీసుకున్నవాళ్ళు చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయించవచ్చు. అయితే షరతు ఉండాలి. ప్రేమతో, వాత్సల్యంతో ఇస్తున్నానని రాస్తే చాలదని, షరతు ఉందని చూపించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరి 2న అదే కోర్టు మధ్యప్రదేశ్ తల్లి ఒకామె కేసులో ఆమె పక్కన నిలబడింది. 2019లో కొడుక్కి రాసిచ్చిన ఆస్తిని రద్దు చేసి తిరిగి ఆమె చేతికి ఇప్పించింది. ఆమె దగ్గర కొడుకు చూసుకుంటానని రాసిచ్చిన కాగితం ఉంది. ఇది ఎప్పుడో రాసుకున్న మా పారికత్తు లాంటివాటికి పనికిరాదు, చట్టం వచ్చిన తర్వాత రాసిచ్చినవాటికే. రేపో ఎల్లుండో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయేవాళ్ళకు మాత్రం తప్పకుండా పనికొస్తుంది. మీ అమ్మనాన్నలు, అత్తమామలు దాన సెటిల్‌మెంటు రాస్తుంటే, "మా అన్నం, బట్ట, వైద్యం చూసుకోవాలి, లేకుంటే ఇది చెల్లదు" అన్న వాక్యం వేయించమనండి. దస్తావేజు రాసేవాళ్ళు "సొంత కొడుకుకు షరతు ఏందమ్మా, బాగుండదు" అంటారు. అననివ్వండి.

"ప్రేమల దగ్గర లెక్కలేంది?" అని ఇది చదివి ఎవరో ఒకరు అంటారు. నాకు ఈ మాట వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి. గట్టు మీద ఉన్న చింతచెట్టు కొమ్మలు ఎటువైపు ఎన్ని వంగినాయో చూసి కాయ పంచుకున్నవాళ్ళే ఈ మాట అనేది. ఇంటి గోడ జానెడు అటు జరిగిందని సర్వేయరును పిలిపించినవాళ్ళే అనేది. పొలం సెంట్లలో కొలిచారు, బంగారం గ్రాముల్లో తూచారు, అమ్మను రోజుల్లో లెక్కపెట్టారు. ఇంటి ఆడది చేసే పని దగ్గరికి వచ్చేసరికి లెక్క పాపం అయిపోయిందా? లెక్క సరిగ్గా ఉన్న ఇళ్ళల్లో ప్రేమ చెడింది నేను చూడలేదు. లెక్క లేని ఇళ్ళల్లోనే మాటలు నిలిచిపోయినాయి.

మా పాప బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. ఇరవై నాలుగేళ్ళు. మొన్న ఫోన్లో "అమ్మా, నిన్ను నేనే చూసుకుంటాలే, తమ్ముడి మీద వదిలెయ్యను" అనింది. చాలామంది అమ్మలు అక్కడ కరిగిపోతారు. నేను కరగలేదు. ఎవరు చూసుకుంటారన్నది నీ మంచితనం మీద ఉండకూడదు పాపా అని చెప్పాను. నీకూ తమ్ముడికీ పొలంలో సమానం, మాకు జరం వస్తే సెలవు పెట్టి రావడంలో కూడా సమానం. వాడు డబ్బు పంపించి నువ్వు ఉద్యోగం మానుకొని రావడం అనేది మన ఇంట్లో జరగదు. మా కోసం ఎవరూ ఉద్యోగం మానకూడదు. మనిషిని పెట్టుకోవాల్సి వస్తే ఆ మనిషికి జీతం ఇద్దాం, ఆ జీతం మా పొలం నుంచి రావాలి. కన్నాము, పెంచాము అని అప్పు పత్రం రాసి పిల్లల చేతిలో పెట్టే పెద్దల్ని చూస్తే నాకు గిట్టదు. వాళ్ళను కనమని వాళ్ళు అడగలేదు కదా. పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి అవ్వ సంగతి ఏందమ్మా?" అని అడిగింది. దానికి నా తలే!

అవ్వ సంగతి ఇదీ. వంతులు ఆపేద్దామని నేను మా ఆయనకు చెప్పి మూడు నెలలైంది. ఆమె ఎక్కడ ఉంటానంటే అక్కడ ఉండాలి, సంచి మొయ్యకూడదు. మిగతా ముగ్గురూ ఆమె ఉన్నచోటికి రావాలి, డబ్బు పెట్టాలి, మనిషిని పెట్టాలి, వాళ్ళ వంతు సెలవులు వాళ్ళు పెట్టాలి. అమ్మేసిన ఆ ఎకరాకు బదులు ఇద్దరు కొడుకులూ చెరి అర ఎకరా ఆమె పేరున పెట్టాలి. ఆమె దాన్ని ఎవరికి ఇచ్చుకుంటుందో ఆమె ఇష్టం, పెద్ద వదినకు ఇచ్చినా నాకు సంతోషమే. మా ఆయన కాదనలేదు, అవుననలేదు. బావ "ఈమె చదువు ఎక్కువైంది" అన్నాడట. మా తోడికోడలు మాత్రం ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "నువ్వు చెప్పింది కరెక్టే చెల్లా, నా పేరు మాత్రం ఎత్తొద్దు" అనింది.

అత్తను అడిగితే, "నా పేరున భూమి ఏం చేసుకోవాల్లే అమ్మీ" అనింది ముందు. రెండు రోజుల తర్వాత వక్కాకు నములుకుంటా తనే వచ్చి, "ఆ అర ఎకరా బావి పక్కదేనా, గట్టు మీదిదా?" అని అడిగింది.

సంక్రాంతికి అందరూ వచ్చినప్పుడు కూర్చొని మాట్లాడదామని మా ఆయన అన్నాడు. ఇద్దరు వదినలకూ నేనే ఫోన్ చేసి రమ్మని చెప్పాను. పెద్ద వదిన, "నాతో పనేముంది, నా సంతకం అక్కర్లేదు కదా" అనింది. ఈసారి కావాలని చెప్పాను.